ఊరా.. ఏలూరా.. బెజవాడా?
నివాసం ఎంపికలో అద్దె కన్నా ఎండ, నీరే అసలు లెక్కలు

పెదపాడు: ఉద్యోగ విరమణ సొమ్ము చేతికి అందిన నాటి నుంచి మండలంలోని చాలా ఇళ్లలో ఒకే చర్చ మొదలవుతోంది. ఉన్న ఊళ్లోనే ఉండిపోవాలా, పది కిలోమీటర్ల దూరంలోని ఏలూరుకు మారాలా, పిల్లల మాట విని విజయవాడలో ఫ్లాటు తీసుకోవాలా? ఉపాధ్యాయులు, బ్యాంకు సిబ్బంది, ఆర్టీసీ కార్మికులే కాదు, ఎకరమో అరెకరమో అమ్మి పట్నంలో నీడ చూసుకోవాలనుకునే రైతు కుటుంబాలూ ఇదే మీమాంసలో ఉన్నాయి. అద్దె ఇల్లయితే నచ్చకపోతే ఖాళీ చేయవచ్చు. అమ్మిన ఎకరం మాత్రం తిరిగి రాదు. పెద్ద వయసులో ఒకసారి తీసుకునే ఈ నిర్ణయాన్ని బంధువుల మాటల మీద, కరపత్రాల్లోని రంగుల బొమ్మల మీద తీసుకోవడం ఎంత వరకు సబబన్నదే ఇక్కడ ప్రశ్న.

చలి దేశాల వారు వయసు మళ్లాక వెచ్చని ఊరు వెతుక్కుంటారు. అమెరికాలో ఉత్తరాది రాష్ట్రాల పింఛనుదారులు ఫ్లోరిడాకు, అరిజోనాకు తరలిపోతారు. బ్రిటన్ వాసులు స్పెయిన్ తీరంలో చిన్న ఇళ్లు కొనుక్కుంటారు. వారికి వెచ్చదనం డబ్బిచ్చి కొనుక్కునే సుఖం. కొల్లేటి ఒడ్డున పుట్టినవారికి ఆ అవసరం లేదు. మనకు అది పుట్టుకతోనే వచ్చింది. జనవరిలోనూ తెల్లవారుజామున దుప్పటి చాలు, రగ్గు అక్కర్లేదు. అయితే ఏడాదిలో పది నెలలు ఉచితంగా అందే ఈ వెచ్చదనం ఏప్రిల్, మే నెలల్లో మాత్రం బాకీ అంతా వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది. చౌకగా బతికే ఊరు ఏదని లెక్క వేసేవారు ఈ రెండు నెలల ఖర్చును పక్కన పెట్టడం వల్లే ఆ తరువాత చిక్కుల్లో పడుతున్నారు.

ప్రభుత్వం వేసిన తూకం

ఏ ఊరు ఎంత ఖరీదైనదన్న విషయంలో ఎవరి అంచనా వారిది. అందరూ ఒప్పుకోదగిన కొలబద్ద ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల ఇంటి అద్దె భత్యం కోసం పట్టణాలను జనాభా ప్రకారం ఎక్స్, వై, జెడ్ అని మూడు తరగతులుగా విభజించింది. 50 లక్షలు దాటినవి ఎక్స్, 5 లక్షలు దాటినవి వై, మిగిలినవన్నీ జెడ్. హైదరాబాద్ ఎక్స్‌లో, విజయవాడ వైలో ఉన్నాయి. 2011 లెక్కల్లో 2 లక్షల పైచిలుకు జనాభా ఉన్న ఏలూరు, లక్ష దాటిన తాడేపల్లిగూడెం, వాటితో పాటు పెదపాడు కూడా జెడ్‌లోనే ఉన్నాయి. 2024 జనవరి నుంచి ఈ భత్యం మూల వేతనంలో వరుసగా 30, 20, 10 శాతం చొప్పున అమలులోకి వచ్చింది. అంటే 50 వేల మూల వేతనం ఉన్న ఉద్యోగికి హైదరాబాద్‌లో 15 వేలు, విజయవాడలో 10 వేలు, ఏలూరులో 5 వేలు.

ఈ తూకం ప్రకారం విజయవాడలో తలదాచుకోవడానికి ఏలూరు కన్నా రెట్టింపు ఖర్చవుతుందని సర్కారే ఒప్పుకున్నట్లు. పింఛను మీద బతికేవారికి ఇంటి అద్దె భత్యం రాదు. ఖర్చు మాత్రం అదే. అయితే ఈ లెక్క అద్దె వద్దే ఆగిపోతుంది. ఇంటి పైకప్పు మీద ఎండ ఎంత పడుతుందో, కుళాయిలో ఏ నీరు వస్తుందో, వరద వస్తే గుమ్మం ఎన్ని మెట్లు మునుగుతుందో అందులో ఉండదు.

ఎండకు కట్టే అద్దె

వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటే అది వడగాడ్పు. తీర ప్రాంతానికి మాత్రం 37 డిగ్రీలకే ఆ మాట వాడతారు. ఈ తేడాలో మన కష్టమంతా ఉంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు. హైదరాబాద్‌లో 42 డిగ్రీలు ఉన్నా నీడలోకి వెళితే ప్రాణం కుదుటపడుతుంది. ఏలూరులో 38 డిగ్రీలకే నీడలో కూర్చున్నా చొక్కా తడిసి ముద్దవుతుంది.

కోస్తాలో మే నెల మధ్యాహ్నాలను సముద్రపు గాలి కాపాడుతుంది. నరసాపురం, మచిలీపట్నం వంటి చోట్ల అది మధ్యాహ్నానికే అందుకుంటుంది. లోపలికి ఉన్న ఏలూరు, పెదపాడు, హనుమాన్ జంక్షన్ ప్రాంతాలకు చేరేసరికి పొద్దు వాలుతుంది. పడమటి నుంచి వడగాలి బలంగా వీచిన రోజుల్లో ఆ కాస్త గాలీ రాదు. అటువంటి రోజులే ప్రాణాలు తీస్తాయి. 2015 మే నెలలో రాష్ట్రంలో వడదెబ్బకు 1,300 మందికి పైగా మరణించారు. వారిలో అధికులు కూలి పనులకు వెళ్లినవారు, వృద్ధులు. ఎండ తీవ్రత ఎక్కువగా ఉండే మండలాల పేర్లను రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇప్పుడు వేసవిలో ముందుగానే ప్రకటిస్తోంది. ఇల్లు కొనదలచినవారు తాము ఎంచుకున్న మండలం ఆ జాబితాలో ఎంత తరచుగా కనిపిస్తున్నదో ఒక వేసవి పాటు గమనిస్తే మేలు.

ఇక ఖర్చు సంగతి. 2022లో రాష్ట్రంలో గృహ వినియోగదారులందరికీ వర్తింపజేసిన శ్లాబుల పట్టికను తీసుకుందాం. మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయల చొప్పున అందులో ధరలున్నాయి. ఫ్యాన్లు, దీపాలు, టీవీ, ఫ్రిజ్‌తో నెలకు 100 యూనిట్లు కాల్చే ఇంటికి శక్తి ఛార్జీ సుమారు 305 రూపాయలు. అదే ఇంట్లో ఒక ఏసీ పెట్టి రాత్రి ఎనిమిది గంటలు వేస్తే గంటకు యూనిట్ చొప్పున లెక్కించినా నెలకు 240 నుంచి 250 యూనిట్లు పెరుగుతాయి. అప్పుడు మొత్తం 350 యూనిట్లకు ఛార్జీ 2,110 రూపాయలు. స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం. వాడకం మూడున్నర రెట్లయితే బిల్లు ఏడు రెట్లయిందన్నమాట. పై శ్లాబులోకి వెళ్లే కొద్దీ ప్రతి యూనిట్ ధర పెరగడమే ఇందుకు కారణం.

2024 జులై నుంచి రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 4 వేల రూపాయలైంది. ఆ పింఛనే ఆధారమైన ఇంట్లో ఒక్క ఏసీ సగానికి పైగా మింగేస్తుంది. అందుకే అటువంటి ఇళ్లలో మీట నొక్కేవారు ఉండరు. కొడుకు కొనిచ్చిన ఏసీ గోడకు అలంకారంగా ఉంటుంది, పెద్దలు ఆరుబయట మంచం వేసుకుంటారు. మూడో అంతస్తు ఫ్లాటులో ఆ ఆరుబయలు కూడా ఉండదు. పట్నం మకాంలో ఎవరూ చెప్పని నష్టం ఇది.

ఎయిర్ కూలర్ చౌక కదా అనే వాదన ఉంది. పొడి గాలి ఉన్న చోట అది బాగా పనిచేస్తుంది. కొల్లేటి గాలిలో అప్పటికే ఉన్న తేమకు కూలర్ మరికొంత తేమను జోడిస్తుంది. కిటికీలన్నీ తెరిచి వాడితే కొంత ఉపయోగం, మూసి వాడితే ఉక్కపోత. మన పెద్దలు కట్టిన మండువా లోగిళ్లు, పెంకుటిళ్లు ఈ గాలిని ఎరిగి కట్టినవి. ఎత్తైన కప్పు, చుట్టూ వసారా, నడుమ ఆకాశం కనిపించే మండువా ఉండేవి. వాటి స్థానంలో వచ్చిన సిమెంటు శ్లాబు పగలంతా ఎండను తాగి రాత్రంతా ఇంట్లోకి వదులుతుంది. డాబా మీద ఏటా మార్చిలో సున్నం వేయడం, తెల్ల పలకలు పరచడం వంటి చవక ఉపాయాలు పనిచేస్తాయి. పొరుగున తెలంగాణ ప్రభుత్వం 2023లోనే చల్లని పైకప్పుల కోసం ప్రత్యేక విధానం ప్రకటించింది. ఇక్కడ కూడా కొత్త ఇళ్ల అనుమతుల్లో దీన్ని ఒక షరతుగా పెట్టవచ్చు.

నీరు చెప్పే కథ

ఏలూరు కృష్ణా, గోదావరి కాలువలు రెండూ కలిసే ఊరు. చూపులకు ఇంతకన్నా నీటి భాగ్యం ఉన్న పట్టణం మరొకటి లేదు. కాలువలు కట్టేసే వేసవి రోజుల్లో మాత్రం ముందుగా నింపుకున్న చెరువులే దిక్కు. పెదపాడు మండలంలోని పల్లెలదీ అదే స్థితి. కొల్లేరు దిశగా వెళ్లే కొద్దీ భూగర్భ జలం ఉప్పదనం తేలుతుంది. బోరు వేసుకున్నా తాగడానికి క్యాను నీరే కొనాలి. నెలకు ఒక ఇంటికి ఎన్ని క్యాన్లు పడుతున్నాయో లెక్క వేసుకుని అద్దెకు కలుపుకుంటే అసలు అద్దె తెలుస్తుంది.

2020 డిసెంబరు 5న ఏలూరు పాత పట్టణంలో మొదలైన వింత జబ్బును ఎవరూ మరచిపోలేదు. ఉన్నట్టుండి కింద పడిపోవడం, మూర్ఛ, నోటి వెంట నురగ. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. రోగుల రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. పురుగుమందుల అవశేషాలు ప్రధాన కారణం కావచ్చని నిపుణులు చెప్పినట్లు అప్పటి ప్రభుత్వం వెల్లడించింది. అవి మనుషుల ఒంట్లోకి ఏ దారిన చేరాయన్న ప్రశ్నకు మాత్రం జనం నమ్మేలా జవాబు రాలేదు. ఆ తరువాత కూడా ఏలూరులో స్థలాల బేరాలు ఆగలేదు. కానీ ఇల్లు చూడటానికి వచ్చినవారు వంటగది చూసి, దేవుడి గది చూసి, కుళాయి నీటి పరీక్ష ఫలితం అడగకుండానే బయానా ఇచ్చి వెళుతున్నారు. నగర పాలక సంస్థ వార్డుల వారీగా నీటి నాణ్యత ఫలితాలను నెలకోసారి సచివాలయాల గోడ మీద అంటిస్తే జనానికి తెలిసేది, అధికారులకూ జాగ్రత్త పెరిగేది.

తాగే నీటి కథ ఇలా ఉంటే ముంచే నీటి కథ వేరే ఉంది. తమ్మిలేరు ఏలూరు దగ్గర తూర్పు, పశ్చిమ పాయలుగా చీలి ఊరిని చుట్టుకుని కొల్లేటికి వెళుతుంది. వేసవిలో అది పిల్లలు క్రికెట్ ఆడుకునే ఇసుక మైదానం. 2020 అక్టోబరులో భారీ వర్షాలకు అదే తమ్మిలేరు ఏలూరు కాలనీల్లోకి చొచ్చుకు వచ్చింది. ఆ ఏడాది నవంబరులో రక్షణ గోడ పనులకు శంకుస్థాపన జరిగింది. గోడ కట్టినంత మాత్రాన ఏటి దారిలో కట్టిన ఇల్లు మెరకకు చేరదు. ఇల్లు కొనేవారు దళారిని కాక, ఆ వీధిలో ముప్ఫయ్యేళ్లుగా ఉంటున్న ఇల్లాలిని అడగాలి. నీరు ఎక్కడి దాకా వచ్చిందో ఆమె గోడ మీద చేయి పెట్టి చూపిస్తుంది.

కొల్లేటి వైపు మరో చిక్కు. 1999లో అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర ప్రభుత్వం కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో సరస్సుకు రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను అధికారులు తెగ్గొట్టారు. మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసినా ఆ వివాదం నేటికీ నలుగుతూనే ఉంది. జిరాయితీ పట్టా ఉన్నవారూ ఈ పరిధిలో చిక్కుకుని ఉన్నారు. అందువల్ల సరస్సుకు దగ్గరగా, ఆశ్చర్యపడేంత చౌకగా స్థలం వస్తోందంటే మొదట చూడాల్సింది కాంటూరు పటం. కొల్లేటి నీరు సముద్రానికి వెళ్లడానికి ఉన్న ఏకైక దారి ఉప్పుటేరు. అది పూడుకుపోయిన కొద్దీ నీరు వెనక్కి తన్నుతుంది. 2024 సెప్టెంబరులో ఏలూరు - కైకలూరు రహదారి మీద వరద పారి రాకపోకలు నిలిచిపోవడం అందరూ చూసిందే.

బెజవాడ మోజు.. బుడమేరు పాఠం

2014లో రాష్ట్ర విభజన తరువాత విజయవాడ చుట్టుపక్కల భూముల ధరలకు రెక్కలొచ్చాయి. 2015 అక్టోబరులో అమరావతికి శంకుస్థాపన జరిగింది. 2019లో మూడు రాజధానుల ప్రకటనతో అంతా స్తంభించింది. 2025 మే 2న పనులు మళ్లీ ప్రారంభమయ్యాయి. ఈ పదేళ్లలో కొన్నవారు, అమ్మినవారు పడిన ఆటుపోట్లు తెలిసినవే. రాజధాని వస్తుందనే ఆశ మీద స్థలం కొనడం ఒక వ్యాపారం. అరవయ్యేళ్లు దాటినవారు మిగిలిన కాలం గడపడానికి ఇల్లు కొనడం దానికి పూర్తిగా భిన్నమైన సంగతి. ఈ రెండింటినీ కలిపి చూడటమే మన కుటుంబాల్లో జరుగుతున్న పెద్ద పొరపాటు. కొడుక్కి పెట్టుబడి కనిపిస్తుంది, తండ్రికి మెట్లెక్కలేని మోకాళ్లు గుర్తుకొస్తాయి.

విజయవాడ గొప్పతనాన్ని కాదనలేం. పెద్ద ఆసుపత్రులు అక్కడున్నాయి. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు వాటికి దగ్గరగా ఉండాలనుకోవడం సహజం. కానీ 2024 సెప్టెంబరు 1 నాటి బుడమేరు వరదను కూడా లెక్కలోకి తీసుకోవాలి. గట్లకు గండ్లు పడి సింగ్‌నగర్, పరిసర కాలనీలు రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి. మరుసటి రోజు ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వెళ్లింది. మునిగిన ప్రాంతాలను గమనిస్తే ఒక విషయం బోధపడుతుంది. నగరంలో మధ్యతరగతికి, పేదలకు అందుబాటు ధరలో దొరికిన ఇళ్లే ఎక్కువగా మునిగాయి. విజయవాడలో చౌకగా దొరికే ఇల్లు పల్లపు ఇల్లు అయ్యే అవకాశం ఎక్కువ. మెరక మీది ఇల్లు మనం అమ్మిన ఎకరానికి రాదు. ఆ బుడమేరు చివరకు చేరేదీ మన కొల్లేటికే కావడం వేరే విషయం.

ఇంటి ధర మీద పడే సుంకాలనూ చాలామంది మరచిపోతారు. స్టాంపు డ్యూటీ, బదలాయింపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుం కలిపి రాష్ట్రంలో ఏడున్నర శాతం. 30 లక్షల ఫ్లాటుకు అది 2 లక్షల 25 వేలు. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం మార్కెట్ విలువలను సవరించింది. అక్కడ నచ్చక రెండేళ్లకు అమ్ముకుని వచ్చేద్దామనుకుంటే ఈ సొమ్ము నీటిలో పోసినట్లే.

ఇక్కడుండి అక్కడికి వెళ్లి రావడం ఇప్పుడు అంత కష్టం కాదు. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఏలూరులో, తాడేపల్లిగూడెంలో ఆగుతుంది. వట్లూరులో ప్యాసింజరు బండ్లున్నాయి. కారులో వెళ్లేవారికి జాతీయ రహదారి మీద కలపర్రు టోల్‌గేటు అడ్డు వస్తుంది. అది మన మండలంలోనే ఉంది. 20 కిలోమీటర్ల లోపు నివాసముండి సొంత కారు ఉన్నవారికి నెలవారీ స్థానిక పాసు ఇచ్చే నిబంధన 2008 నుంచి ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి 3 వేల రూపాయలకు 200 ప్రయాణాల వార్షిక పాసు కూడా వచ్చింది. అదే రోజున రాష్ట్రంలో మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. పెదపాడు నుంచి ఏలూరు ఆసుపత్రికి వెళ్లే వృద్ధురాలికి ఛార్జీ మిగిలింది. బస్సు సమయానికి వస్తుందా అన్నది వేరే సంగతి.

గూడెం, వట్లూరు సంగతులు

తాడేపల్లిగూడెం పేరు ఈ చర్చల్లో తరచుగా వినిపించదు గానీ వినిపించదగినదే. డెల్టా అంచున మెట్టకు ఆనుకుని ఉండటం దానికి కలిసొచ్చిన విషయం. ప్రధాన రైలు మార్గం మీద ఉంది. ఉల్లి, కూరగాయల టోకు వ్యాపారం వల్ల సంచి నిండడానికి తక్కువ ఖర్చు. 2007లో వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, 2015లో ఎన్‌ఐటీ వచ్చాక అద్దెలు పెరిగాయన్న మాట ఉన్నా విజయవాడతో పోలిక లేదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఇప్పటికీ ఆ ఊళ్లో ఉంది. దాని మీద విమానం ఎగురుతుందని ప్రతి ఎన్నికల్లోనూ వినడం ఆ ఊరి వారికి అలవాటే. అయితే పెదపాడు వారికి అది 2022 ఏప్రిల్ 4 నుంచి పరాయి జిల్లా. భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి వేరుపడింది. 1925 నుంచి పశ్చిమ గోదావరికి కేంద్రంగా ఉన్న ఏలూరు తన పేరుతోనే జిల్లా అయింది. భూమి పత్రాలు, కోర్టు పనులు ఉన్నవారికి ఏలూరుకు దగ్గరగా ఉండటమే తేలిక.

ఏలూరు, పెదపాడుల నడుమ ఉన్న వట్లూరు వంటి గ్రామాలు ఇప్పుడు అటు పల్లె, ఇటు పట్నం కాని స్థితిలో ఉన్నాయి. ఇంజనీరింగ్ కళాశాలలు వచ్చాక చుట్టూ ఇళ్లు లేచాయి. పట్టణ సౌకర్యాలు అందే దూరం, పల్లె ఖర్చు. ఏలూరులో ఆశ్రం ఆసుపత్రి ముందు నుంచే ఉంది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తరగతులు మొదలయ్యాయి. మామూలు జబ్బులకు బెజవాడ పరుగెత్తాల్సిన అవసరం తగ్గింది. లోపమల్లా వరి చేలను పూడ్చి వేసిన లేఅవుట్లలో ఉంది. మురుగు కాలువ ఎక్కడికి వెళుతుందో చెప్పేవారుండరు. చెట్టు అన్నది ఉండదు. పక్కనే చేపల చెరువు ఉంటే దోమల సంగతి చెప్పనక్కర్లేదు. 2019లో ఏర్పడిన ఏలూరు పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి ఉందో లేదో చూడకుండా, నోటరీ కాగితం మీద కొని తరువాత క్రమబద్ధీకరణ కోసం తిరిగేవారు తక్కువేం కాదు.

పెదపాడులోనే ఉండిపోవడం కూడా ఒక ఎంపికేనని ఎందుకో ఎవరూ అనుకోరు. సొంత ఇల్లు, పెరట్లో మునగ చెట్టు, పాలు పోసే ఇల్లు, పలకరించే వీధి. వీటికి లెక్కల పుస్తకంలో గడి లేదు గనుక ఖర్చు సున్నా అని రాస్తున్నాం. ఒంటరిగా మిగిలిన ముసలి తల్లికి రాత్రి ఛాతీ నొప్పి వస్తే 108 రావడానికి పట్టే సమయం ఆ పుస్తకంలో మరో వైపు ఉండాలి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే నిర్ణయం. మా అంచనాలో నడవగలిగినంత కాలం ఊళ్లోను, ఆసుపత్రి అవసరం పెరిగాక ఏలూరులో అద్దెకు, వీలైతే కింది అంతస్తులో ఉండటం ఈ మండలంలోని సగటు పింఛనుదారుకు తక్కువ ఖర్చు, తక్కువ ముప్పు ఉన్న మార్గం. కొనడం అన్నింటికన్నా చివరి మాట కావాలి.

డల్లాస్ నుంచి వినిపించే సలహా

ఈ చర్చలో ఫోను అవతల నుంచి మాట్లాడేవారు తరచుగా అమెరికాలో ఉంటారు. వారిలో చాలామంది చలి రాష్ట్రాలు వదిలి టెక్సాస్‌లోని డల్లాస్ పరిసరాలకు చేరినవారే. అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఇళ్లు న్యూజెర్సీ, కాలిఫోర్నియాల కన్నా చౌక, ఎండ మన ఎండలాగే ఉంటుందని వారు వెళ్లారు. వెళ్లాక ఆస్తి పన్ను గట్టిగా పడింది. 2021 ఫిబ్రవరిలో మంచు తుపాను వచ్చి కరెంటు పోయి, నీటి గొట్టాలు పగిలి ఆ రాష్ట్రంలో 200 మందికి పైగా చనిపోయారు. వెచ్చని చౌక ఊరనుకున్న చోట చలికి చనిపోవడం ఎవరి లెక్కలోనూ లేదు. ఊరి సగటును చూసి వెళ్లినవారికి ఆ ఊరి చెడ్డ వారం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

మన ఊళ్లకూ చెడ్డ వారాలున్నాయి. ఒకటి మే మూడో వారంలో, మరొకటి సెప్టెంబరు, అక్టోబరుల నడుమ ఎప్పుడో వస్తుంది. కొనదలచిన ఇంట్లో, లేదా అదే వీధిలో, ఆ రెండు కాలాల్లో అద్దెకు ఉండి చూడటం మించిన పరీక్ష లేదు. ఆరు నెలల అద్దె దండగ అనిపించవచ్చు. 30 లక్షల మీద కట్టే సుంకంతో పోలిస్తే అది చిన్న మొత్తమే. సంక్రాంతికి ఇల్లు చూసి కొనేవారు ఎక్కువ. ఆ నెలలో కోస్తాలో నచ్చని ఊరు ఉండదు.

ప్రభుత్వం చేయవలసినవీ ఉన్నాయి. మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు వరకు నీడ, మంచినీరు దొరికే చోట్లు బస్టాండ్లలో, సంతల్లో, ఆసుపత్రి ప్రాంగణాల్లో ఏర్పాటు కావాలి. చలివేంద్రం ప్రారంభించిన ఫొటో మార్చిలో వస్తుంది, మేలో కుండ ఎండిపోయి ఉంటుంది. కొత్త లేఅవుట్లలో చెట్లకు వదలాల్సిన స్థలంలో చెట్లే ఉన్నాయో లేదో పట్టణాభివృద్ధి సంస్థ తనిఖీ చేయాలి. కొల్లేరు కాంటూరు పటం, తమ్మిలేరు ముంపు రేఖ సర్వే నంబర్లతో సహా పెదపాడు తహసీల్దారు కార్యాలయంలో, ఏలూరు రిజిస్ట్రేషన్ కార్యాలయంలో అందరికీ కనిపించేలా ఉంచడానికి పైసా ఖర్చు కాదు. రాబోయే వేసవికి ముందే, అంటే రిజిస్ట్రేషన్లు జోరందుకునే మార్చి లోపే ఆ పటాలు గోడ మీదకు రావాలని మండల వాసులు కోరుతున్నారు.